నాడి లెక్క

మా పాయకరావుపేటలో పూర్వం ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోతే, వైద్యులు వచ్చి ముందుగా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించేవారు. ఇంటిల్లిపాదీ ఆయన ముఖం వంకే చూసేవారు. మా అన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రిలో మేమందరం అలాగే మానిటరు వంక చూస్తూ కూర్చున్నాము. అంకె 104 కాగానే మా వదినగారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నారు. ఆ అంకె ఏమి చెబుతుందో తెలుసుకుందామని తరువాత పుస్తకాలు తిరగవేశాను.

నాడీ పరీక్ష మనకు పాతదే. శార్ఙ్గధర సంహితలో ఉంది. మన తెలుగునాట పుట్టిన బసవరాజీయం తొలి ప్రకరణంలోనే ఉంది. నాడి పాములా పోతే వాతమనీ, కప్పలా గెంతితే పిత్తమనీ, హంసలా నడిస్తే కఫమనీ గుర్తించేవారు. అంటే చూసినది నడకనే గాని నిమిషానికి ఎన్నిసార్లన్న లెక్కను కాదు. ఆ లెక్క కోసం ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక్క నిమిషం నడిచే గడియారం చేయించి, 1707లో దానిమీద గ్రంథమే వ్రాశాడు.

అయితే నడక సంగతీ తీసివేయదగినది కాదని నా అభిప్రాయం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజలను ఏళ్ళ తరబడి పరిశీలించిన వైద్యులు 1978లో ఒక సంగతి తేల్చారు. గుండె లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకునేవారికి, కవాటాల జబ్బు లేకపోయినా, పక్షవాతం ముప్పు ఐదు రెట్లకు పైగా ఉంటుందట. గుండె పైగదిలో నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోవడమే కారణం. చిక్కేమిటంటే ఈ లయ తప్పడం వచ్చి పోతూంటుంది, ఒక్కసారి ఇ.సి.జి. తీస్తే దొరకదు. నార్మన్ హోల్టర్ గుండెను రోజంతా కనిపెట్టే యంత్రం చేశాడు గాని, మొదటి దాని బరువు సుమారు 38 కిలోలు, వీపున మోయాలి! 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, కారణం తేలని పక్షవాత రోగులకు చర్మం కింద చిన్న యంత్రం అమర్చి చూడగా, ఏడాదిలో నూటికి 12 మందికి పైగా ఈ దోషం బయటపడింది. మామూలు పరీక్షలతో దొరికినది నూటికి ఇద్దరిలోనే.

ఇక వేగం సంగతి. తొలి రోజులలో నాడి వేగంగా ఉన్నవారు సగటున తక్కువగా కోలుకుంటారని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అది సగటు మాట. జ్వరం, నొప్పి, భయం, ఒంట్లో నీరు తగ్గడం, గుండె బలహీనత, మెదడుకు తగిలిన దెబ్బ, ఏదైనా వేగం పెంచవచ్చు. వైద్యులు వెదికేది ఆ కారణాన్ని.

మా అన్నగారి విషయంలో అది జ్వరం. ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. పక్షవాతంలో మింగుడు పడదని తెలియక, బయలుదేరే ముందు మేమే నోట్లో నీళ్ళు పోశాము. జ్వరం తగ్గాక అంకె 84కు దిగింది. చెయ్యి మాత్రం మూడు నెలలకు గాని స్వాధీనం కాలేదు.