చేతిసంచి, పెద్దపెట్టె

ప్రయాణమునకు బయలుదేరువారు రెండు విషయములు ఆలోచింపవలసి యుండును. ఏయే వస్తువులు తీసికొనిపోవలెను? అందులో వేనిని చేతిలోనే ఉంచుకొనవలెను? బండ్లమీదను, పల్లకీలలోను ప్రయాణములు సాగిన కాలములో రెండవ ప్రశ్నకు అంత ప్రాధాన్యము లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరినపుడు సుమారు నూరుమంది పరివారము వారి వెంట నడచినది. కడప సీమ మీదుగా అహోబిలము, మహానంది, శ్రీశైలము సేవించుకొని వారు హైదరాబాదు చేరినారు. అంత బలగము వెంట ఉండగా మూట బరువెంతయని అడుగువారెవరు?

ఆ యాత్రికుల దారికి ఎంతో దూరము కాని ఓర్వకల్లులో నేడు ఆ ప్రశ్న అడుగు త్రాసు ఉన్నది. కర్నూలునుండి నంద్యాల పోవు రహదారిలో, రాతి గుట్టలకు పేరు పొందిన ఆ ఊరి చెంత నిర్మించిన విమానాశ్రయమునకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరు పెట్టినారు. కుంఫిణీ ప్రభుత్వము నెదిరించి 1847లో కోవెలకుంట్లలో ఉరికంబ మెక్కిన రేనాటి వీరుడాయన. 2021 మార్చి 28న బెంగుళూరు, చెన్నై, విశాఖపట్టణములకు ఇక్కడినుండి విమానములు ఎగురసాగినవి. మన దేశములోని సర్వీసులలో సాధారణముగా 15 కిలోల పెట్టెను విమానపు అడుగుభాగమున వేయుటకు అప్పగింపవచ్చును. 7 కిలోల సంచి నొకదానిని చేత పట్టుకొని లోనికి పోవచ్చును. ఏ సంచిలో ఏమి ఉండవచ్చునో, ఏమి ఉండరాదో తెలుపు పట్టిక యొకటి గోడమీద కనిపించును. దానిని విసుగుతో చదువువారే ఎక్కువ. కాని ఆ పట్టికలోని పంక్తులు చాలవరకు ఎక్కడనో జరిగిన సంఘటనలకు గురుతులు.

మొదట బరువు సంగతి చూతము. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటాగారు కరాచీనుండి బొంబాయికి నడిపిన పస్ మాత్ విమానములో ఉన్న సరకంతయు సుమారు 25 కిలోల ఉత్తరములు. బొంబాయినుండి ఆ టపాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చినారు. నాడు బళ్లారి కూడ కర్నూలు, కడప, అనంతపురములవలెనే దత్తమండలములలోనిది. కనుక మన సీమ ఆకాశమునకు విమాన సరకు క్రొత్త గాదు. నాటి సరకు ఈనాటి ఇద్దరు ప్రయాణికుల పెట్టెలపాటి కూడ లేదనుట మాత్రము గమనింపదగినది.

చేతిసంచి వేరు, అప్పగించిన పెట్టె వేరు అను విభాగము బరువువలన మాత్రమే పుట్టలేదు. అది న్యాయశాస్త్రములోనిది. 1929 అక్టోబరులో వార్సా నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము, విమాన సంస్థకు అప్పగించిన సామాను పోయినచో కిలో ఒక్కింటికి 250 ఫ్రాంకుల వరకును, ప్రయాణికుడు తన వశమున ఉంచుకొన్న వస్తువులకు మొత్తము మీద 5,000 ఫ్రాంకుల వరకును బాధ్యతను పరిమితము చేసినది. మన దేశములో 1934 నాటి చట్టముతో ఆ ఒప్పందము అమలునకు వచ్చినది. అనగా మొదటి నలువది సంవత్సరములు సామానునుగూర్చిన చింత ముఖ్యముగా బరువు, నష్టపరిహారము అను రెండింటిదే. పెట్టెలో ఏమున్నదనునది సుంకపు అధికారుల గొడవ.

ఆ నిశ్చింత 1971 జనవరి 30న చెదరినది. శ్రీనగరమునుండి జమ్ముకు పోవుచున్న 'గంగ' అను ఫాకర్ విమానమును ఇద్దరు యువకులు తుపాకి, చేతిబాంబు చూపి లాహోరుకు మళ్లించినారు. ప్రయాణికులు విడుదలైనారు గాని విమానము దగ్ధమైనది. తరువాత తేలినదేమనగా, ఆ ఆయుధములు నిజమైనవి కావు, బొమ్మలు. పిల్లవాని బొమ్మ తుపాకిని తనిఖీదారు తీసివేయగా నవ్వు తల్లిదండ్రులకు ఈ కథ తెలియవలెను. 1976 సెప్టెంబరు 10న మరొక విమానము లాహోరుకు మళ్లింపబడగా, 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా విభాగము ఏర్పడినది.

అప్పటికి కూడ భయమంతయు మనిషి చేతిలోనిదానిని గూర్చియే. అడుగున పడియున్న పెట్టెను ఎవరును అంతగా శంకింపలేదు. 1985 జూన్ 23న ఎయిరిండియావారి 'కనిష్క' ఐర్లండు తీరమున సముద్రముపైన పేలిపోయినది. 329 మంది మరణించినారు. వాంకూవరులో ఒకడు పెట్టెను అప్పగించి, తాను విమానమెక్కలేదు. పెట్టె మాత్రము టొరాంటోలో మారి కనిష్కలోనికి చేరినది. ఆ టొరాంటోలో సామానును పరీక్షించు ఎక్స్‌రే యంత్రము ఆనాడే చెడిపోయినది. యజమాని లేని పెట్టె ఎగురరాదను నియమము ప్రపంచమంతట గట్టిపడుటకు ఈ ఘోరము ముఖ్యకారణము. ఓర్వకల్లులో ఒక ప్రయాణికుడు పెట్టె నిచ్చి ద్వారమువద్దకు రాకపోయినచో, దానిని వెదకి దింపువరకు విమానము కదలదు. ఆలస్యమైనదని గొణుగుకొనువారిని నేనెరుగుదును. ఆ ఆలస్యమునకు 329 ప్రాణముల వెల చెల్లియున్నది. మన భద్రతా విభాగము 1987 ఏప్రిల్ 1న స్వతంత్ర శాఖ యైనది కూడ ఈ దుర్ఘటన పర్యవసానముగానే.

2006 ఆగస్టులో, ద్రవరూపమున పేలుడు పదార్థములను విమానములలోనికి చేర్చవలెనను కుట్ర లండనులో బయటపడినది. 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవపు సీసాలు అంతర్జాతీయ ప్రయాణములలో చేతిసంచినుండి తొలగినది నాటినుండియే. అమెరికాలోని కొడుకునకు నేతి గిన్నె తీసికొనిపోవు తల్లికి ఆ కుట్రతో సంబంధమేమి? ఏమియు లేదు. ఐనను నేయి పెద్దపెట్టెలోనికి పోవలసినదే. కారపుపొడి గతియు నంతే. కంట చల్లినచో అది ఆయుధమే గనుక దానిని లోనికి రానీయరు.

విచిత్రమేమనగా, కత్తిని దూరముగా అడుగున వేయుమను నియమమే బ్యాటరీని దగ్గర పెట్టుకొమ్మనును. చరవాణికి విద్యుత్తు నందించు పవర్ బ్యాంకును పెద్దపెట్టెలో ఉంచరాదు. అందలి లిథియము వేడెక్కి అంటుకొన్నచో, అడుగుభాగమున చేయి పెట్టువారుండరు. పైన ఐనచో పొగ కనబడును, సిబ్బంది ఆర్పవచ్చును. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బూసాన్ నగరమున నేలమీదనే ఉన్న విమానములో తలపై అరనుండి మంటలు లేచినపుడు అందులోనివారందరు బయటపడగలిగినారు. సాధారణ పరిమితి 100 వాట్‌గంటలు. 20,000 మిల్లీయాంపియర్ గంటలని వ్రాసియున్నదానిని 3.7 వోల్టులతో హెచ్చవేసి వేయిచే భాగించినచో 74 వచ్చును. అది అనుమతింపదగినదే.

ఇక కొబ్బరి. ఎండుకొబ్బరిలో నూనె మెండు. రాశిగా ఉన్నపుడు తనంతట తాను వేడెక్కి రగులు స్వభావము దానికి గలదని అంతర్జాతీయ ప్రమాదవస్తువుల పట్టికలోనికి ఎక్కించినారు. పూర్ణ ఫలమునకు సైతము చేతిసంచిలో చోటు లేదు. ఇరుముడి కట్టుకొన్న అయ్యప్పస్వాములకు ఇది సంకటము. నేతిని నింపిన కొబ్బరికాయను తలపైనుండి దింపి సామానులలో పడవేయుటకు వారి మనసొప్పదు. 2024 అక్టోబరులో భద్రతా విభాగము ఈ మొర నాలకించి, ఎక్స్‌రేతోను, పేలుడు పదార్థములను పసిగట్టు యంత్రముతోను, చేతితోను పరీక్షించిన మీదట శబరిమల యాత్రికులు ఆ కాయను తమ వెంట లోనికి తీసికొనిపోవచ్చునని అనుమతించినది. ఆ సడలింపు 2025 జనవరి 20 వరకే వర్తించినది. కనుక మాల వేసికొని విమానమెక్కదలచినవారు, ఆ సంవత్సరపు ఉత్తరువు వెలువడినదో లేదో ఇరుముడి కట్టకముందే విచారించుకొనవలెను.