శాంపిల్ స్లైసింగ్

రికార్డు చేసిన శబ్దాన్ని దెబ్బకు దెబ్బ విడదీసి, ఆ ముక్కలను కొత్త వరసలో వాయించుకునే పద్ధతి శాంపిల్ స్లైసింగ్. మోర్తాడ్ నుంచి బోధన్ దాకా పెళ్లి బరాత్‌లలో, వినాయక నిమజ్జనాలలో మోగే డీజే రీమిక్స్‌లకు డప్పు దరువులను సిద్ధం చేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

రోజర్ లిన్ రూపొందించగా 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 యంత్రం మీద ఈ కోతంతా చేత్తోనే సాగేది. 1994లో స్వీడన్ కంపెనీ ప్రొపెల్లర్‌హెడ్ తెచ్చిన రీసైకిల్ సాఫ్ట్‌వేర్, దెబ్బలను తానే గుర్తుపట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్‌లలో ఈ సౌకర్యం లోపలే ఉంటుంది.

కోతకు దారులు మూడు. మొదటిది కాలాన్ని సమభాగాలు చేయడం. నిమిషానికి 120 బీట్ల వేగంలో నాలుగు బీట్ల బారు 2 సెకన్లు; 16 ముక్కలు చేస్తే ఒక్కోటి 0.125 సెకను. రెండోది, శబ్దం ఒక్కసారిగా ఎగసే చోటును సాఫ్ట్‌వేర్ పట్టుకోవడం. మూడోది, చెవితో విని గీత పెట్టడం.

డప్పు దగ్గర మొదటి రెండూ తడబడతాయి. మూడేసి మాత్రల నడకకు 16 భాగాల గడులు కుదరవు, 12 పెట్టుకోవాలి. కుడిచేతి చిర్ర దెబ్బ గట్టిగా పడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు దొరుకుతుంది; ఎడమచేతి సన్నని పుల్ల చప్పుడు దాని వెనకే వచ్చి తప్పించుకుంటుంది. గుర్తింపు సున్నితత్వం పెంచితే జనం ఈలలు కూడా దెబ్బలైపోతాయి! పదిమంది కలిసి వాయించిన రికార్డింగ్‌లో ఒక్కొక్కరి దెబ్బ రవ్వంత ముందూ వెనకా పడుతుంది. ఆ తేడాలోనే దరువుకు ఊపు ఉంటుంది. ప్రతి ముక్కనూ గడికి అతికించి సరిచేస్తే మిగిలేది యంత్రం మోతే. అందుకని సాఫ్ట్‌వేర్ పెట్టిన గీతలను చెవితో సరిదిద్దక తప్పదు.

తరంగం సున్నా గీతను దాటే చోట కోయాలి, లేకుంటే టప్పుమని చప్పుడొస్తుంది. వేగం పెంచితే ముక్కలు దగ్గరవుతాయి, శ్రుతి మారదు. తగ్గిస్తే మధ్యలో ఖాళీలు పడతాయి. ముక్క చివరను సాగదీసి వాటిని నింపుతారు.

దరువు అందరిదీ. రికార్డింగ్‌కు మాత్రం 1957 కాపీరైట్ చట్టం కింద హక్కుదారు ఉంటాడు. 1969లో ద విన్‌స్టన్స్ బృందం రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లోని నాలుగు బార్ల డ్రమ్ముల ముక్క వేల పాటల్లోకి పాకినా, వాయించిన గ్రెగొరీ కోల్‌మన్‌కు రాయల్టీ అందలేదు. మన ఊళ్లలో డప్పు వాయించేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను స్టూడియోకు పిలిచి, తగిన డబ్బిచ్చి, పాట మీద పేరు వేసి రికార్డు చేసుకోవడమే సరైన పని.