బ్రిటిష్ కొలంబియా హైస్కూలు బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్

కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియాలో హైస్కూలు జట్ల మధ్య ఏటా జరిగే రాష్ట్రస్థాయి పోటీలను ఈ పేరుతో వ్యవహరిస్తారు. కెనడాలో రాష్ట్రాన్ని ప్రావిన్సు అంటారు కాబట్టి అక్కడి పిల్లల నోట ఈ పోటీలకు ‘ప్రొవిన్షియల్స్’ అనే పేరు స్థిరపడిపోయింది. బాలుర పోటీలు 1946లో మొదలయ్యాయి. ఆ లెక్కన 2020లో జరిగినవి 75వ పోటీలు. కోవిడ్ వల్ల 2021లో జరగలేదు, 2022లో మళ్లీ మొదలయ్యాయి. చలికాలమంతా సాగే లీగ్ మ్యాచ్‌లు, జోన్ పోటీలు ముగిశాక ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఈ పోటీలు పెడతారు. వాంకూవర్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న లాంగ్లీ పట్టణం ఇప్పుడు వీటికి ప్రధాన వేదిక.

రాష్ట్రమే ఆఖరి మెట్టు

కెనడాలో హైస్కూలు జట్లకు జాతీయ ఛాంపియన్‌షిప్ లేదు. దీనికి మూలం ఆ దేశ రాజ్యాంగంలోనే ఉంది. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 93వ సెక్షన్ విద్యను పూర్తిగా రాష్ట్రాల చేతికి అప్పగించింది. పాఠ్యప్రణాళికలాగే పాఠశాల ఆటలను కూడా ప్రతి రాష్ట్రమూ సొంత సంస్థ ద్వారా నడుపుకుంటుంది. బ్రిటిష్ కొలంబియాలో ఆ బాధ్యత బీసీ స్కూల్ స్పోర్ట్స్ అనే సంస్థది. రాష్ట్ర ఫైనల్‌లో గెలిచిన జట్టుకు ఆ పైన ఆడవలసిన మ్యాచ్ ఉండదు.

మన దగ్గర పద్ధతి వేరు. తెలుగు రాష్ట్రాల్లో మండల, జిల్లా, రాష్ట్రస్థాయి పోటీల్లో రాణించిన పిల్లలను ఏరి రాష్ట్ర జట్టు కూర్చి, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జాతీయ పోటీలకు పంపుతారు. అక్కడికి చేరేసరికి పిల్లవాడి చొక్కా మీద బడి పేరు పోయి రాష్ట్రం పేరు వస్తుంది. బ్రిటిష్ కొలంబియాలో జట్టు మొదటి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా తన బడి పేరుతోనే ఆడుతుంది. కప్పు గెలిస్తే అది చేరేదీ బడి అద్దాల బీరువాలోకే. ఊరు ఊరంతా ఆ జట్టు వెనక నిలబడడానికి ఇదొక ముఖ్య కారణం.

వయసులోనూ ఒక తేడా ఉంది. అక్కడ పన్నెండో తరగతి, అంటే మన ఇంటర్ రెండో సంవత్సరం, హైస్కూల్లోనే ముగుస్తుంది. పదో తరగతి కాగానే బడి మారి జట్టు చెదిరిపోయే ఇబ్బంది లేదు. ఎనిమిదో తరగతిలో జతకట్టిన పిల్లలు ఐదేళ్లు కలిసి ఆడి సీనియర్ జట్టుగా ఎదగవచ్చు. సీనియర్ జట్టులో ఎక్కువమంది పదకొండు, పన్నెండు తరగతులవారే. చిన్న తరగతుల వారికి విడిగా పోటీలుంటాయి.

నేపథ్యం

బాస్కెట్‌బాల్‌ను సృష్టించిన జేమ్స్ నైస్మిత్ కెనడావాడే. 1861లో అంటారియోలోని ఆల్మాంట్ దగ్గర పుట్టాడు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాల విద్యార్థుల కోసం ఈ ఆటను రూపొందించాడు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడించేందుకు ఒక ఆట కావాలన్నదే అప్పటి అవసరం. ఆ తొలి ఆటలో పాల్గొన్న విద్యార్థుల్లో కెనడావారు కూడా ఉన్నారు. వారిలో ఒకడైన లైమన్ ఆర్చిబాల్డ్ ఈ ఆటను న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని సెయింట్ స్టీఫెన్ పట్టణానికి తీసుకెళ్లాడు. 1893లో అక్కడ ఆడిన వైఎంసీఏ హాలు నేటికీ నిలిచి ఉంది.

మంచు కురిసే నెలల్లో ఆరుబయట ఆడలేని దేశానికి ఈ ఆట సరిగ్గా సరిపోయింది. వ్యాయామశాల ఉన్న ప్రతి బడిలోకీ చేరింది. పాఠశాల బాస్కెట్‌బాల్ ఎంత దూరం పోగలదో అల్బెర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్‌లో తొలిసారి తెలిసింది. మెక్‌డూగల్ కమర్షియల్ హైస్కూలు బాలికలు 1915లో రాష్ట్ర టైటిల్ గెలిచారు. చదువు ముగిసినా విడిపోవడం ఇష్టం లేక అదే ఉపాధ్యాయుడు పెర్సీ పేజ్ శిక్షణలో క్లబ్బుగా ఏర్పడ్డారు. ‘ఎడ్మంటన్ గ్రాడ్స్’ పేరుతో 1940 వరకు ఆడిన ఆ జట్టు 502 మ్యాచ్‌లు గెలిచి, 20 మాత్రమే ఓడిందని లెక్క. పెర్సీ పేజ్ తర్వాతి కాలంలో అల్బెర్టా లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యాడు.

శ్రేణులు

రెండు వేల మంది చదివే నగర పాఠశాలను, వందమంది కూడా లేని కొండ ఊరి బడిని ఒకే బరిలో దింపితే ఫలితం ముందే తెలిసిపోతుంది. అందుకే పై తరగతుల్లోని విద్యార్థుల సంఖ్యను బట్టి పాఠశాలలను 1ఎ, 2ఎ, 3ఎ, 4ఎ అనే నాలుగు శ్రేణులుగా విడదీశారు. అతి చిన్న బడులు 1ఎలో, అతి పెద్దవి 4ఎలో ఉంటాయి. బాలుర విభాగంలో నాలుగో శ్రేణి 2013–14 సీజన్‌లో వచ్చింది. అంతకుముందు ‘ట్రిపుల్ ఎ’యే అగ్రశ్రేణి. పాత విజేతల పట్టికలు చదివేటప్పుడు ఈ మార్పును గుర్తుంచుకోవాలి. 1990ల నాటి 3ఎ టైటిల్, నేటి 3ఎ టైటిల్ ఒకటి కావు.

ప్రతి శ్రేణికీ విడిగా విజేత ఉంటుంది. బాలురు, బాలికలు కలిపి ఏటా ఎనిమిది పాఠశాలలు రాష్ట్ర ఛాంపియన్లు అవుతాయి. పత్రికల పతాక శీర్షికలు 4ఎకే దక్కుతాయి. చిన్న ఊళ్లలో మాత్రం 1ఎ టైటిల్‌కు ఉండే విలువ అంతకు తక్కువ కాదు.

జోన్లు, దూరాలు

బ్రిటిష్ కొలంబియా విస్తీర్ణం 9,44,735 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో మూడో వంతుకు రావు. 2021 జనగణన ప్రకారం జనాభా మాత్రం సుమారు 50 లక్షలే. అందులోనూ సగానికి పైగా వాంకూవర్ మహానగర ప్రాంతంలోనే ఉంటారు. మిగిలినవారు పర్వతాల మధ్య లోయల్లో, సముద్రపు పాయల ఒడ్డున, దీవుల్లో చెల్లాచెదురుగా ఉన్నారు.

జనాభా లెక్కనే చూస్తే పోటీలకు వచ్చే జట్లన్నీ వాంకూవర్ చుట్టుపక్కలవే అవుతాయి. దీన్ని నివారించడానికి రాష్ట్రాన్ని జోన్లుగా విభజించారు. వాంకూవర్ దీవి, ఫ్రేజర్ లోయ, ఒకనాగన్ లోయ, కూట్నే, ఉత్తర మధ్య ప్రాంతం, వాయవ్య ప్రాంతం వాటిలో కొన్ని. రాష్ట్ర పోటీల్లో ప్రతి జోన్‌కూ ఇన్ని స్థానాలని కేటాయింపు ఉంటుంది. ఆ స్థానాల కోసం ఫిబ్రవరిలో జరిగే జోన్ ప్లేఆఫ్‌లు ఒక్కోసారి అసలు పోటీల కంటే ఉత్కంఠగా సాగుతాయి. ఒకే జోన్‌లో నాలుగు గట్టి జట్లుంటే వాటిలో కొన్ని ఇంటి దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. అవకాశం దక్కిన దూరప్రాంతపు జట్టు బలం తక్కువైందన్న విమర్శ కూడా వినిపిస్తుంది. ప్రతిభకు ఎంత, ప్రాంతానికి ఎంత అన్న ఈ తగవు ఏ రాష్ట్ర క్రీడల్లోనైనా ఉండేదే.

దూరం ఖర్చుతో కూడుకున్న సంగతి కూడా. వాయవ్య తీరంలోని ప్రిన్స్ రూపర్ట్ నుంచి వాంకూవర్‌కు రోడ్డు మీద దాదాపు 1,500 కిలోమీటర్లు. హైడా గ్వాయి దీవుల పిల్లలైతే ముందు గంటల తరబడి పడవ ప్రయాణం చేసి ప్రిన్స్ రూపర్ట్ చేరాలి. దారిపొడవునా మంచు పేరుకున్న కనుమలే. ఇలాంటి జట్లు ఏడాదంతా విందులు, అమ్మకాలు, లాటరీలు పెట్టి ప్రయాణపు ఖర్చులు కూడగట్టుకుంటాయి.

పోటీల తీరు

అగ్రశ్రేణిలో 16 జట్లు తలపడతాయి. సీజన్‌లో చూపిన ఆటను బట్టి జట్లకు ముందే వరుస సంఖ్యలు ఇస్తారు. మొదటి రోజు ఒకటో జట్టు పదహారో జట్టుతో, రెండోది పదిహేనో దానితో ఆడుతుంది. నాకౌట్ కాబట్టి టైటిల్ కావాలంటే నాలుగు రోజుల్లో వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలవాలి. బుధవారం మొదలైన పోటీ శనివారం రాత్రి ఫైనల్‌తో ముగియడం ఆనవాయితీ. మొదటి మ్యాచ్ ఓడిన జట్టు మూటాముల్లె సర్దుకుని వెళ్లనక్కరలేదు. ఓడినవారి మధ్య కింది స్థానాల కోసం మ్యాచ్‌లు జరుగుతాయి. వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి వచ్చినవారిని నలభై నిమిషాల ఆటతో వెనక్కి పంపడం న్యాయం కాదన్న ఆలోచన ఇందులో ఉంది.

ఆటకు అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిబా’ నియమాలే ఆధారం. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, బంతి చేతికి వచ్చాక 24 సెకన్లలో బుట్టలోకి వేసే ప్రయత్నం చేయాలన్న షరతు ఆ నియమాల్లోవే. సరిహద్దు దాటి అమెరికా హైస్కూళ్లలోకి వెళ్తే క్వార్టర్ ఎనిమిది నిమిషాలే. అందువల్ల వాంకూవర్ పిల్లల ఆట నియమాల్లో పక్కనున్న సియాటిల్ కంటే హైదరాబాద్, విజయవాడల ఆటకే దగ్గరగా ఉంటుంది.

జట్లకు శిక్షణ ఇచ్చేది చాలావరకు ఆ బడి ఉపాధ్యాయులే. పగలు పాఠం చెప్పిన మాస్టారే సాయంత్రం ఈల పట్టుకుంటారు. ఈ పని సాధారణంగా జీతంలో భాగం కాదు, స్వచ్ఛందంగా చేసేది.

వేదికలు

తొలి దశాబ్దాల్లో పోటీలు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం చుట్టూ తిరిగాయి. రెండో ప్రపంచ యుద్ధ మృతుల స్మారకంగా 1951లో అక్కడ తెరిచిన వార్ మెమోరియల్ జిమ్ ఆ తరం క్రీడాకారులకు గుడిలాంటిది. తర్వాత పోటీలు వాంకూవర్ తూర్పున ఉన్న ఎగ్జిబిషన్ మైదానానికి మారాయి. పశువుల ప్రదర్శనల కోసం కట్టిన అగ్రోడోమ్ అనే హాలు చాలా ఏళ్లు బాలుర పోటీలకు చిరునామాగా నిలిచింది. 2014లో అక్కడి నుంచి లాంగ్లీ ఈవెంట్స్ సెంటర్‌కు తరలాయి. 2009లో ప్రారంభమైన ఈ భవనంలో సుమారు 5,300 మంది కూర్చునే ప్రధాన కోర్టుతో పాటు పక్క కోర్టులు కూడా ఉన్నాయి. వేర్వేరు శ్రేణుల మ్యాచ్‌లను ఒకే కప్పు కింద నడిపించే వీలు దీనివల్ల కలిగింది.

ఈలోగా అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వచ్చింది, పోయింది. 1995లో ఏర్పడిన వాంకూవర్ గ్రిజ్లీస్ ఆరు సీజన్లు ఆడి 2001లో అమెరికాలోని మెంఫిస్‌కు తరలిపోయింది. కోట్ల డాలర్ల జట్టు నిలవని చోట బడి పిల్లల పోటీ ఏడున్నర దశాబ్దాలు దాటి నడుస్తోంది.

స్టీవ్ నాష్, 1992

ఈ పోటీల నుంచి వచ్చినవారిలో ప్రపంచమెరిగిన పేరు స్టీవ్ నాష్. 1974లో జొహానెస్‌బర్గ్‌లో పుట్టి, విక్టోరియా నగరంలో పెరిగాడు. మౌంట్ డగ్లస్ సెకండరీ స్కూల్లో చదువుతుండగా మార్కులు తగ్గడంతో తల్లిదండ్రులు అతన్ని సెయింట్ మైకేల్స్ యూనివర్సిటీ స్కూల్‌కు మార్చారు. పేరులో యూనివర్సిటీ ఉన్నా అది ప్రైవేటు హైస్కూలే. 1991–92లో, చివరి ఏడాది, మ్యాచ్‌కు సగటున 21.3 పాయింట్లు, 11.2 అసిస్ట్‌లు, 9.1 రీబౌండ్లు సాధించి తన బడికి రాష్ట్ర 3ఎ టైటిల్ తెచ్చిపెట్టాడు. ఆ ఏడు రాష్ట్రపు ఉత్తమ ఆటగాడిగానూ ఎంపికయ్యాడు.

అయినా అమెరికా విశ్వవిద్యాలయాలు అతన్ని పట్టించుకోలేదు. కోచ్ ఇయాన్ హైడ్-లే ముప్ఫైకి పైగా విశ్వవిద్యాలయాలకు లేఖలు, వీడియోలు పంపగా కాలిఫోర్నియాలోని శాంటా క్లారా ఒక్కటే స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1993 జాతీయ కాలేజీ పోటీల్లో 15వ వరుసలో ఉన్న శాంటా క్లారా, 2వ వరుసలోని అరిజోనాను 64–61తో ఓడించినప్పుడు నాష్ ఆ జట్టులో ఉన్నాడు. 1996లో ఎన్‌బీఏలో అడుగుపెట్టి 2005, 2006లో వరుసగా అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. 2018లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. పొరుగు దేశపు కళ్లకు ఆనని ఆటగాడిని సొంత రాష్ట్రం ముందే గుర్తించిందని చెప్పడానికి కోచ్‌లు నేటికీ ఈ ఉదాహరణే చూపుతారు.

తర్వాతి తరంలో కామ్‌లూప్స్‌లోని సౌత్ కామ్‌లూప్స్ సెకండరీ స్కూల్లో చదివిన కెల్లీ ఒలినిక్, నార్త్ వాంకూవర్ హ్యాండ్స్‌వర్త్ స్కూల్లో చదివిన రాబర్ట్ సాక్రే కూడా ఎన్‌బీఏకు ఎదిగారు.

బాలికల పోటీలు

బాలికల పోటీలు ఇవే శ్రేణుల్లో, ఇంచుమించు ఇదే కాలంలో జరుగుతాయి. ఒకనాగన్ ప్రాంతానికి ఉత్తరాన ఉన్న చిన్న పట్టణం సామన్ ఆర్మ్ నుంచి వచ్చిన బెవ్ స్మిత్ కెనడా జాతీయ జట్టులో ముఖ్య క్రీడాకారిణి అయింది. 1979, 1986 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో కాంస్యం గెలిచిన జట్లలో ఆమె ఉంది. ఉత్తరాది పట్టణం హ్యూస్టన్‌లో పెరిగిన రూత్ హాంబ్లిన్ ఒరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున 2016లో జాతీయ సెమీఫైనల్ దాకా ఆడింది. అదే ఏడు అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లోని డల్లాస్ వింగ్స్ జట్టు ఆమెను ఎంచుకుంది.

బడి మారడంపై నిబంధన

మంచి ఆటగాళ్లను ఒక బడి నుంచి మరో బడి లాక్కుపోకుండా అడ్డుకట్టలున్నాయి. బడి మారిన విద్యార్థి తగిన కారణం చూపలేకపోతే కొంతకాలం కొత్త బడి జట్టులో ఆడడానికి వీల్లేదు. కుటుంబ పరిస్థితుల వల్ల మారినవారు అప్పీలు చేసుకోవచ్చు. మారింది చదువు కోసమా, ఆట కోసమా అని తేల్చడం అంత సులువు కాదు.

ఇతర రాష్ట్రాలతో పోలిక

అంటారియోలో 1948లో ఏర్పడిన సంస్థ ‘ఓఫ్సా’ పోటీలు నడుపుతుంది. అక్కడ బాలికల బాస్కెట్‌బాల్ శరదృతువులో, బాలురది చలికాలంలో ఉంటుంది. ససాచెవాన్‌లో ‘హూప్లా’ పేరుతో ఐదు శ్రేణుల బాలబాలికల ఆఖరి మ్యాచ్‌లను ఒకే నగరంలో, ఒకే వారాంతంలో పండుగలా జరుపుతారు.

అంటారియోలో బడి జట్లకు ఎదురైన సవాలు వలస. 2014లో ఎన్‌బీఏ తొలి ఎంపికగా నిలిచిన ఆండ్రూ విగ్గిన్స్ వాన్ సెకండరీ స్కూలు నుంచి అమెరికాలోని హంటింగ్‌టన్ ప్రెప్‌కు వెళ్లాడు. 2015లో ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు, టొరంటోలో పుట్టిన సిమ్ భుల్లర్ కూడా అమెరికా బడికే మారాడు. ఈ వలసను ఆపడానికి ఇంటిదగ్గరే ప్రత్యేక శిక్షణ పాఠశాలలు వెలిశాయి. వాటి కోసం 2015లో విడి లీగ్ కూడా పుట్టింది. దాంతో అగ్రశ్రేణి ఆటగాళ్లు కొందరు బడుల పోటీకి దూరమయ్యారు.

ఉత్తర తీరం

ఆదివాసీ జాతులు నివసించే ఉత్తర తీరంలో బాస్కెట్‌బాల్‌కు బడిని మించిన జీవితం ఉంది. ప్రిన్స్ రూపర్ట్‌లో ఏటా ఫిబ్రవరిలో ఆల్ నేటివ్ టోర్నమెంట్ జరుగుతుంది. దీని మూలాలు 1947 నాటివి. హైడా, సిమ్షియన్, నిస్గా, హైల్ట్‌సక్ వంటి జాతుల ఊళ్ల జట్లు అందులో తలపడతాయి. ఈ ఊళ్లలో పిల్లలు మేనమామల, మేనత్తల ఆట చూస్తూ పెరుగుతారు. వారికి రాష్ట్ర పోటీలు గొప్పవే, కానీ అవి ఐదేళ్ల ముచ్చట. పన్నెండో తరగతి అయ్యాక కూడా తన ఊరి పేరున్న చొక్కా వేసుకుని ఆడే అవకాశం వారికి ఆల్ నేటివ్‌లో దొరుకుతుంది. ఆఖరి మెట్టు రాష్ట్రమే అన్న మాట మిగతా జట్లన్నిటికీ వర్తించినా, ఉత్తర తీరపు పిల్లలకు వర్తించదు.