నిలువు హ్యాండోవర్

నిలువు హ్యాండోవర్ అనగా ఒక మొబైల్ ఉపకరణం, జరుగుతున్న సంభాషణ గాని డేటా ప్రసారం గాని తెగిపోకుండా, ఒక రకపు వైర్‌లెస్ నెట్‌వర్కు నుండి మరొక రకపు వైర్‌లెస్ నెట్‌వర్కుకు మారే ప్రక్రియ. దీనిని వర్టికల్ హ్యాండోవర్ అనీ, అమెరికాలో వర్టికల్ హ్యాండాఫ్ అనీ వ్యవహరిస్తారు. ఇంట్లో వై-ఫై మీద మొదలైన ఫోను కాల్, మాట్లాడుతున్న వ్యక్తి వీధిలోకి రాగానే 4జీ టవరు మీదకు మారడం ఇందుకు తరచు కనిపించే ఉదాహరణ. ఈ మార్పు సరిగా జరిగినప్పుడు వినియోగదారునికి ఏమీ తెలియదు. జరగనప్పుడు గుమ్మం దగ్గరే కాల్ తెగిపోతుంది.

రేడియో సిగ్నల్‌ను అందుకోవడం ఈ ప్రక్రియలో ఒక భాగం మాత్రమే. రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఒకే ఉపకరణాన్ని ఒకే ఉపకరణంగా గుర్తించడం, ఎప్పుడు మారాలో ఎవరు నిర్ణయించాలన్నది తేల్చడం ఇందులోని అసలు చిక్కులు.

అడ్డు హ్యాండోవర్‌తో భేదం

ఒకే సాంకేతికతకు చెందిన రెండు టవర్ల మధ్య జరిగే మార్పును అడ్డు హ్యాండోవర్ అంటారు. రైలులో వెళ్తున్న వ్యక్తి ఫోను ఒక 4జీ టవరు నుండి తరువాతి 4జీ టవరుకు మారడం ఈ కోవకు చెందినది. ఇక్కడ రెండు టవర్లూ ఒకే సంస్థ ఆధీనంలో, ఒకే భాషలో పనిచేస్తాయి. అవి ముందే సంప్రదించుకొని, కొత్త టవరులో చోటు సిద్ధం చేసి, ఫోనుకు ఆజ్ఞ పంపుతాయి.

నిలువు హ్యాండోవర్‌లో ఈ సౌకర్యం ఉండదు. వై-ఫై కేంద్రం ఇంటి యజమానిది కావచ్చు, హోటల్‌ది కావచ్చు. దానికి టవరు ఉనికితో సంబంధం లేదు. రెండింటి వేగం, పరిధి, ఖర్చు, భద్రతా పద్ధతులు వేరు. వై-ఫై పరిధి పదుల మీటర్లలో ఉండగా, సెల్యులర్ టవరు పరిధి కిలోమీటర్లలో ఉంటుంది. చిన్న పరిధి గల నెట్‌వర్కులు పెద్ద పరిధి గల నెట్‌వర్కు కింద అంతస్తులవలె పేర్చి ఉన్నట్లు ఊహించడం వల్ల ‘నిలువు’ అనే పేరు వచ్చింది. చిన్న పరిధి నుండి పెద్ద పరిధికి మారడాన్ని పైకి హ్యాండోవర్ అనీ, పెద్ద పరిధి నుండి చిన్న పరిధికి మారడాన్ని కిందికి హ్యాండోవర్ అనీ అంటారు.

ఈ రెండు దిశలకూ తొందరలో తేడా ఉంది. 4జీ నుండి వై-ఫైకి మారడం కొంత ఆలస్యమైనా నష్టం లేదు, ఎందుకంటే 4జీ ఇంకా అందుతూనే ఉంటుంది. వై-ఫై నుండి బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం గోడ దాటిన కొద్ది క్షణాలలోనే సిగ్నల్ పడిపోవచ్చు. కనుక పైకి హ్యాండోవర్ కష్టతరమైనది.

సమస్య మూలం

అంతర్జాలంలో ప్రతి ఉపకరణానికీ ఒక ఐ.పి. చిరునామా ఉంటుంది. ఈ చిరునామా రెండు పనులు చేస్తుంది: ఉపకరణం ఎవరో చెబుతుంది, ఎక్కడ ఉందో కూడా చెబుతుంది. కంప్యూటర్లు బల్ల మీద కదలకుండా ఉన్నంత కాలం ఈ రెండు పనులూ ఒకే చిరునామా చేయడం వల్ల ఇబ్బంది రాలేదు. ఉపకరణం వేరే నెట్‌వర్కుకు మారినపుడు చోటు మారుతుంది కాబట్టి చిరునామా మారుతుంది. టి.సి.పి. పద్ధతిలో ఏర్పడిన ప్రతి సంబంధమూ రెండు వైపుల చిరునామాలతో ముడిపడి ఉన్నందున, చిరునామా మారిన వెంటనే ఆ సంబంధం చెల్లకుండా పోతుంది. మనిషి అదే, ఫోను అదే, కాని అవతలి సర్వరు దృష్టిలో అతడు కొత్తవాడు.

నిలువు హ్యాండోవర్ కోసం వచ్చిన పరిష్కారాలన్నీ గుర్తింపును, స్థానాన్ని ఎక్కడో ఒకచోట విడదీసే ప్రయత్నాలే. అది ఏ పొరలో జరుగుతుందనే విషయంలోనే అవి భిన్నంగా ఉంటాయి.

దశలు

నిలువు హ్యాండోవర్‌ను సాధారణంగా మూడు దశలుగా వివరిస్తారు.

1. అన్వేషణ: చుట్టుపక్కల ఏయే నెట్‌వర్కులు ఉన్నాయో ఉపకరణం తెలుసుకోవాలి. అన్ని రేడియోలనూ ఎల్లప్పుడూ తెరచి ఉంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మూసి ఉంచితే అవకాశం తెలియదు.

2. నిర్ణయం: మారాలా వద్దా, మారితే దేనికి, ఎప్పుడు అన్నది తేల్చాలి. సిగ్నల్ బలం, వేగం, ఖర్చు, భద్రత, బ్యాటరీ, వినియోగదారుని కదలిక ఇందుకు ఆధారాలు.

3. అమలు: కొత్త నెట్‌వర్కులో గుర్తింపు నిరూపించుకొని, చిరునామా పొంది, ప్యాకెట్లను కొత్త దారికి మళ్ళించాలి.

నిర్ణయ దశలో సిగ్నల్ బలాన్ని నేరుగా పోల్చడం కుదరదు. ఎల్.టి.ఇ.లో −95 డి.బి.ఎం. అన్నది పనికివచ్చే కొలత. వై-ఫైలో అదే అంకె వస్తే సంబంధం నిలవడం దుర్లభం. ఎల్.టి.ఇ. కొలత 15 కిలోహెర్ట్జ్ వెడల్పు గల ఒక చిన్న ఉపవాహకానికి సంబంధించినది కాగా, వై-ఫై కొలత 20 మెగాహెర్ట్జ్ లేదా అంతకు మించిన పూర్తి చానెల్‌కు సంబంధించినది. పైగా వై-ఫై సిగ్నల్ నిండుగా కనిపిస్తున్నా, దాని వెనుక ఉన్న బ్రాడ్‌బ్యాండ్ తీగ తెగి ఉండవచ్చు.

రెండు నెట్‌వర్కుల సరిహద్దులో నిలబడిన ఉపకరణం అటూ ఇటూ పదే పదే మారడాన్ని పింగ్-పాంగ్ ప్రభావం అంటారు. దీనిని అరికట్టడానికి, కొత్త నెట్‌వర్కు పాతదానికంటే నిర్ణీత మేరకు మెరుగ్గా ఉండాలనీ, ఆ మెరుగు కొంతసేపు నిలిచి ఉండాలనీ నియమం పెడతారు. ఈ నియమం కఠినమైతే పింగ్-పాంగ్ తగ్గుతుంది గాని, గుమ్మం దాటేవాని కాల్ తెగే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల అన్ని సందర్భాలకూ సరిపోయే ఒకే విలువ లేదు.

కాలవ్యవధి

మొబైల్ కాల్‌లో మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతారు. అనగా సెకనుకు 50 ప్యాకెట్లు. ఎల్.టి.ఇ. నుండి పాత తరపు నెట్‌వర్కులకు మారేటప్పుడు సంభాషణలో అంతరాయం 300 మిల్లీసెకన్లకు మించరాదని 3జి.పి.పి. సంస్థ లక్ష్యంగా పెట్టుకున్నది. అంటే సుమారు 15 ప్యాకెట్లు. దీనికి భిన్నంగా, ఐ.పి.వి.6లో కొత్త చిరునామాను మరెవరూ వాడటం లేదని నిర్ధారించుకొనే సాధారణ పరీక్షకే దాదాపు ఒక సెకను పడుతుంది. ఏ ముందస్తు ఏర్పాటూ లేకుండా మారితే ఈ ఒక్క మెట్టు దగ్గరే 50 ప్యాకెట్ల మాట పోతుంది. పాత సంబంధాన్ని వదలకముందే కొత్తదాన్ని సిద్ధం చేసుకొనే పద్ధతి ఇందుకే అవసరమైంది. వై-ఫైకి, సెల్యులర్‌కు ఫోనులో వేర్వేరు రేడియోలు ఉంటాయి కాబట్టి వాటి మధ్య ఇది సాధ్యం.

చరిత్ర

ఈ భావనకు స్పష్టమైన రూపం ఇచ్చినది అమెరికాలోని బర్కిలీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1990ల మధ్యలో నడిచిన బార్వాన్ పరిశోధన. గది స్థాయిలో ఇన్‌ఫ్రారెడ్, భవనం స్థాయిలో వేవ్‌లాన్, నగరం స్థాయిలో రికోచెట్ వంటి నెట్‌వర్కులను ఒకదానిపై ఒకటి పరచి, వాటి మధ్య ఉపకరణాలు ఎలా మారాలో అక్కడ పరీక్షించారు. మార్క్ స్టెమ్, రాండీ కాట్జ్ 1998లో ప్రచురించిన వ్యాసం నిలువు హ్యాండోవర్‌పై తరువాతి పరిశోధనలకు ఆధారమైంది.

మొబైల్ ఐ.పి.

అంతర్జాల ప్రమాణాల సంస్థ ఐ.ఇ.టి.ఎఫ్. 1996లో మొబైల్ ఐ.పి.ని ప్రకటించింది. ఇందులో ఉపకరణానికి శాశ్వత చిరునామా ఒకటి, తాత్కాలిక చిరునామా ఒకటి ఉంటాయి. శాశ్వత చిరునామాకు వచ్చిన ప్యాకెట్లను సొంత నెట్‌వర్కులోని హోమ్ ఏజెంట్ అందుకొని తాత్కాలిక చిరునామాకు పంపుతుంది. ఇల్లు మారినవారి ఉత్తరాలను పోస్టాఫీసు కొత్త చిరునామాకు మళ్ళించడం వంటిదే ఇది. అవతలివారు పక్క వీధిలో ఉన్నా, ప్యాకెట్లు దూరాన ఉన్న హోమ్ ఏజెంట్ వరకు వెళ్ళి తిరిగి రావలసి ఉండటం దీనిలోని లోపం. 2004లో వచ్చిన మొబైల్ ఐ.పి.వి.6లో నేరుగా మాట్లాడుకొనే వీలు కల్పించారు. 2008లో వచ్చిన ప్రాక్సీ మొబైల్ ఐ.పి.వి.6, చిరునామాల బాధ్యతను ఉపకరణం నుండి తీసి నెట్‌వర్కు మీద ఉంచింది.

లైసెన్సు లేని తరంగాల మీద కాల్స్

2004లో కొన్ని సంస్థలు కలిసి యు.ఎం.ఎ. అనే సాంకేతికతను ప్రకటించాయి. మరుసటి సంవత్సరం అది గాన్ పేరుతో 3జి.పి.పి. ప్రమాణాలలో చేరింది. ఫోను వై-ఫై ద్వారా ఒక రహస్య సొరంగాన్ని ఏర్పరచుకొని, మొబైల్ సంస్థ నియంత్రిక ఒకదానికి చేరుతుంది. ఆ నియంత్రిక మిగిలిన నెట్‌వర్కుకు మామూలు టవర్ల నియంత్రికవలె కనిపిస్తుంది. ఫ్రాన్సులో ఆరెంజ్ 2006లోను, అమెరికాలో టి-మొబైల్ 2007లోను ఈ పద్ధతిపై సేవలు ప్రారంభించాయి.

ఐ.ఇ.ఇ.ఇ. 802.21

ఏ సాంకేతికతకూ ప్రత్యేకం కాని ఉమ్మడి ప్రమాణం కోసం ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 2004లో 802.21 కార్యవర్గాన్ని ఏర్పాటు చేసింది. ప్రమాణం 2008 నవంబరులో ఆమోదం పొంది 2009 జనవరిలో ప్రచురితమైంది. ఇది రేడియో పొరకు, ఐ.పి. పొరకు మధ్య నిలిచి మూడు సేవలు అందిస్తుంది.

* ఘటనల సేవ: సంబంధం ఏర్పడింది, తెగింది, తెగబోతోంది వంటి వార్తలను పై పొరలకు చేరవేస్తుంది. తెగబోతోందన్న ముందస్తు హెచ్చరిక వీటిలో అత్యంత విలువైనది.
* ఆజ్ఞల సేవ: పై పొరల ఆదేశాలను రేడియోలకు అందిస్తుంది.
* సమాచార సేవ: సమీపంలో ఏ సంస్థ నెట్‌వర్కులు ఉన్నాయో, వాటి లక్షణాలు ఏమిటో తెలిపే సూచిక. దీని సహాయంతో రేడియోను తెరవకముందే పరిసరాలు తెలుస్తాయి.

పరిశోధనా రంగంలో విశేష ఆదరణ పొందినప్పటికీ ఈ ప్రమాణం వాణిజ్యపరంగా విస్తరించలేదు. ఉపకరణం, వై-ఫై కేంద్రం, టవరు అన్నీ దీనిని అమర్చుకుంటేనే పూర్తి ఫలితం ఉంటుంది. పోటీలో ఉన్న సంస్థలు తమ నెట్‌వర్కుల వివరాలను ఉమ్మడి సూచికలో ఉంచవలసి రావడం కూడా దీని స్వభావంలోనే ఉన్న ఇబ్బంది.

సెల్యులర్ ప్రమాణాలలో పరిష్కారాలు

ఎల్.టి.ఇ.తో పాటు 3జి.పి.పి. రిలీజ్ 8లో ఎస్.ఆర్.వి.సి.సి. వచ్చింది. 4జీ మీద సాగుతున్న వోల్టే కాల్‌ను 4జీ అందని చోట 3జీ లేదా 2జీ కాల్‌గా మార్చడం దీని పని. భారతదేశంలో 2016లో ప్రారంభమైన జియోకు సొంత 2జీ, 3జీ నెట్‌వర్కులు లేనందున ఈ మార్గం దానికి వర్తించలేదు. పాత తరపు నెట్‌వర్కులు మూతపడిన కొద్దీ దీని అవసరం తగ్గుతున్నది.

వై-ఫై కాలింగ్‌లో ఫోను ఇ.పి.డి.జి. అనే ద్వారం గుండా మొబైల్ సంస్థ లోపలికి ప్రవేశిస్తుంది. వోల్టే కాల్ కూడా అదే అంతర్గత గేట్‌వే గుండా పోతుంది. ఫోను హ్యాండోవర్ కోరినపుడు ఆ గేట్‌వే పాత ఐ.పి. చిరునామానే కొనసాగిస్తుంది కనుక కాల్ తెగదు. భారతదేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో ఢిల్లీ పరిసరాలలోను, జియో 2020 జనవరిలో దేశమంతటా ఈ సేవను ప్రారంభించాయి. టవరు సిగ్నల్ సరిగా అందని ఇళ్ళలోను, నేలమాళిగలలోను ఇది ఉపయోగకరం.

పై పొరలలో పరిష్కారాలు

నెట్‌వర్కుల సహకారం కోసం ఎదురుచూడకుండా, రెండు కొసల వద్ద ఉన్న సాఫ్ట్‌వేరే మార్పును భరించడం మరొక మార్గం. 2013లో ప్రచురించిన మల్టీపాత్ టి.సి.పి.లో ఒకే సంబంధం వై-ఫై మీద, సెల్యులర్ మీద ఏకకాలంలో నడవగలదు. యాపిల్ అదే సంవత్సరం ఐ.ఓ.ఎస్. 7లో సిరి సేవకు దీనిని వాడింది. 2021 మే నెలలో ప్రమాణంగా వెలువడిన క్విక్ ప్రోటోకాల్, సంబంధాన్ని ఐ.పి. చిరునామాతో గాక ఒక సంబంధ సంఖ్యతో గుర్తిస్తుంది. చిరునామా మారినా ఆ సంఖ్య ఆధారంగా సర్వరు పాత సంబంధాన్ని కొనసాగిస్తుంది. దారి మారినపుడు సంఖ్యను కూడా మార్చడం వల్ల, వినియోగదారుని కదలికలను మధ్యలో ఉన్నవారు జాడ తీయడం కష్టమవుతుంది.

2020లో పూర్తయిన 3జి.పి.పి. రిలీజ్ 16లోని ఎ.టి.ట్రిపుల్ ఎస్. ఏర్పాటు, 5జీ నెట్‌వర్కులోనే మల్టీపాత్ టి.సి.పి.ని చేర్చుకుంది. 2022లో పూర్తయిన రిలీజ్ 17 ఉపగ్రహ నెట్‌వర్కులను కూడా 5జీ పరిధిలోకి తెచ్చింది. భూమికి దగ్గరి కక్ష్యలలోని ఉపగ్రహాలు సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల వేగంతో పోతాయి. అక్కడ ఫోను కదలకుండా ఉన్నా టవరు వంటి ఉపగ్రహమే కదిలిపోతుంది.

భద్రత, అత్యవసర కాల్స్

కొత్త నెట్‌వర్కులో గుర్తింపు నిరూపణ మొదటి నుండి జరిగితే సమయం పడుతుంది. మానివేస్తే అపరిచిత వై-ఫై కేంద్రం చేతిలో పడే ప్రమాదం ఉంది. సిమ్ కార్డులోని రహస్య కీలకంతోనే వై-ఫైలోనూ గుర్తింపు నిరూపించే ఇ.ఎ.పి.-సిమ్, ఇ.ఎ.పి.-ఎ.కె.ఎ. పద్ధతులను ఐ.ఇ.టి.ఎఫ్. 2006లో ప్రచురించింది.

వై-ఫై మీద చేసిన అత్యవసర కాల్‌లో టవరు ఆధారంగా మనిషి ఉన్న చోటును గుర్తించడం వీలుకాదు. అందుచేత సెల్యులర్ నెట్‌వర్కు అందుబాటులో ఉన్నంతవరకు అత్యవసర కాల్‌ను దాని మీదనే చేయాలన్నది ప్రమాణాల నియమం. ఇటువంటి కాల్‌లో ఏ నెట్‌వర్కును ఎంచుకోవాలన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

నిర్ణయాధికారం

మార్పు ఎప్పుడు జరగాలో మొబైల్ సంస్థ నిర్ణయిస్తే అది తన టవర్ల మీద భారం తగ్గించుకోవడానికి వినియోగదారుని నెమ్మదైన వై-ఫైకి మళ్ళించవచ్చు. ఫోను నిర్ణయిస్తే వినియోగదారునికి తెలియకుండానే ఖర్చుతో కూడిన డేటా వాడుక పెరగవచ్చు. వై-ఫై బలహీనపడినపుడు సెల్యులర్ డేటాను వాడుకొనే వై-ఫై అసిస్ట్ సదుపాయం 2015లో ఐ.ఓ.ఎస్. 9తో వచ్చినపుడు ఈ చర్చే జరిగింది; దానిని ఆపివేసే మీట సెట్టింగులలో ఉంది. హ్యాండోవర్ కంటికి కనబడకపోవడమే దాని విజయంగా భావిస్తారు. అయితే ఖర్చును, గోప్యతను మార్చే నిర్ణయం కూడా కనబడకుండానే జరిగిపోతుంది. ఈ రెంటి నడుమ సమతూకం సాంకేతిక ప్రమాణాలతో మాత్రమే తేలేది కాదు.

ఇవి కూడా చూడండి

* సెల్యులర్ నెట్‌వర్కు
* వై-ఫై
* వోల్టే
* ఐ.పి. చిరునామా
* 5జీ