ఉర్దూ మీదుగా ఇంగ్లీషు: నెక్కొండ సీమలో సాహిత్యవిద్యార్థి పదసంపాదన

వరంగల్లునుండి ఆగ్నేయముగా సాగి బెజవాడను చేరు రైలుమార్గము 1889లో పూర్తియైనది. ఆ దారిమీది నెక్కొండ పేరుకు నిజాము రాజ్యములోని పల్లెయే యైనను, పట్టాలు పడిన తరువాత రెండు విద్యాలోకముల నడుమ నిలిచినది. హైదరాబాదువైపు పోయిన బండి ఉర్దూ చదువులకు చేర్చును. బెజవాడవైపు పోయినది మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషు చదువులకు చేర్చును. ఇటువంటి ఊరినుండి చదువుకొరకు బయలుదేరిన తెలుగు బిడ్డ, ఇంగ్లీషు కావ్యములను చదువుటకు కావలసిన కఠినపదములను ఏ త్రోవన సంపాదించుకొనెనో తెలిసికొనుట, నా దృష్టిలో, ఈ ప్రాంతపు విద్యాచరిత్రలో మిక్కిలి ఆసక్తికరమైన ఘట్టము.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనప్పుడు బోధనాభాషగా ఉర్దూయు, తప్పనిసరి పాఠ్యవిషయముగా ఇంగ్లీషును ఏర్పడెను. హనుమకొండలో 1927లో వెలసిన ఇంటర్మీడియెటు కళాశాలయు ఆ త్రోవనే నడచినది. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, పరీక్షలో ఇంగ్లీషు: ఇదీ నాటి విద్యార్థి స్థితి. అతనికి ఒక ఇంగ్లీషు మాటకు అర్థము కావలసినచో అది ముందుగా ఉర్దూలో దొరకెడిది, దానిని మరల తనలో తాను తెలుగు చేసికొనవలసివచ్చెడిది. విశ్వవిద్యాలయమునకు ముందే, 1917లో, నెలకొల్పబడిన అనువాదశాఖకు తొలుత అధిపతిగానున్న మౌల్వీ అబ్దుల్ హక్ సంపాదకత్వమున 1937లో బృహత్తరమైన ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువు వెలువడుటతో ఆ త్రోవ మరింత రాజమార్గమైనది.

ఇది వట్టి చుట్టుదారి యని తలచువారు కలరు. నేను అట్లు తలపను. గ్రే కవి శ్మశానకావ్యము నాటి కళాశాలలలో విరివిగా చదివించబడెడిది. 'ఎలిజీ' యన నేమని విద్యార్థి అడిగినచో ఉర్దూ పంతులు 'మర్సియా' యని చెప్పును. ఆ మాట చెవిని పడగానే తెలంగాణపు పల్లెబిడ్డకు కర్బలా వీరులకై మొహరము దినములలో పాడు శోకగీతములు, ఊరంతయు కులమతభేదము లేక కూడు పీరీల పండుగ, నిప్పుల గుండము చుట్టు ఆడు అసైదులా మనసునకు వచ్చును. నిఘంటువు ఈయలేని శోకస్పర్శ ఆ ఇంగ్లీషు పదమునకు ఆ క్షణమున అబ్బెడిది. 'స్మృతికావ్య' మని చెప్పి ముగించినచో అర్థము తెలియునే కాని గుండె కదలదు.

తెలుగు త్రోవ ఒకటి లేకపోలేదు. బ్రౌను దొర నిఘంటువులు 1852 మొదలుకొని వెలువడినవి; పందొమ్మిదవ శతాబ్ది చివర పి. శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును కూర్చెను. హనుమకొండలో 1904లో స్థాపితమైన రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వంటి గ్రంథాలయములు తెలుగు చదువు అరుదైన ఆ రోజులలో ఈ సీమకు చేసిన మేలు ఇంతింత యనరానిది. అయినను నిఘంటువు ఎంత పెద్దదైనను సాహిత్యవిద్యార్థి ఆకలి తీర్చజాలదు. షేక్స్పియరు నాటికి 'ప్రెజెంట్లీ' యన 'ఈ క్షణముననే' యని అర్థము. నేటి వాడుకలో 'కాసేపటికి' యని. నేటి అర్థమును పట్టుకొని నాటకము చదివినవాడు, పాత్రలు తొందరపడుచున్న చోట తీరికగా నున్నారని భ్రమించును.

ఈ కొరతను తీర్చినవి టిప్పణముల పుస్తకములు. వెరిటీ పండితుడు సిద్ధపరచిన షేక్స్పియరు ప్రతులు, ఆగ్రా కళాశాల ప్రధానాచార్యుడుగా పనిచేసిన డైటన్ మాక్మిలను వారికొరకు వ్రాసిన ప్రతులు భారతదేశపు కళాశాలలందంతట వ్యాపించినవి. నాటకము ఒక పాలు, వివరణ అంతకు మించిన పాలు. ప్రతి పాదమునందలి పదమును విప్పి, అది ఆ కాలమున ఏ అర్థమున నుండెనో, వేరొక నాటకమున ఎట్లు వచ్చెనో చెప్పెడి ఆ పద్ధతిని చూచినప్పుడు మల్లినాథుని వ్యాఖ్యతో కాళిదాసును చదివిన వానికి కొత్త తోచదు. పరీక్షలోని 'అన్నొటేషను' ప్రశ్న, అనగా నాలుగు పంక్తులిచ్చి సందర్భము తెలిపి వ్యాఖ్యానించుమను ప్రశ్న, ఈ చదువునకు ఒరపిడిరాయి. దానికొరకు బట్టీ పట్టినవారు చాలమంది. కాని బట్టీ పట్టిన వారిలోనే పలువురికి పదముల రుచి తెలిసినదనుటయు సత్యమే.

ఉర్దూ త్రోవ నడుమనే తెగి, ఇంగ్లీషు త్రోవ పట్టవలసివచ్చినవారును కలరు. 1938 చివర వందేమాతర గీతమును పాడి నిజాము రాజ్యపు కళాశాలలనుండి వెళ్లగొట్టబడిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయము ఆదరించెను. నెక్కొండకు పొరుగున నున్న నర్సంపేట ప్రాంతపు లక్నేపల్లిలో పుట్టిన పాములపర్తి వెంకటనరసింహారావు వారిలో ఒకడు. ఉర్దూలో చదివినవారు ఒక్క ఏటిలో ఇంగ్లీషులో పరీక్షలు వ్రాయవలసివచ్చిన ఆ అవస్థ, 1948 తరువాత ఉస్మానియాయే ఇంగ్లీషునకు మారినప్పుడు ఒక తరమంతటికిని వచ్చినది.

యాదృచ్ఛికమే కావచ్చును, ఆ 1948లోనే హార్న్బీ జపానులో తన సహచరులతో కూర్చిన అభ్యాసకుల నిఘంటువు ఆక్స్ఫర్డు ముద్రణాలయమునుండి వెలువడెను. ఢాకాలో ఉపాధ్యాయులకు బోధించిన మైకేలు వెస్టు అంతకుముందే, 1935లో, 1,490 సులభపదములతోనే తక్కిన పదములన్నింటిని వివరించు నిఘంటువును రచించెను. ఇంగ్లీషు మాటను ఇంగ్లీషుతోనే తెలిసికొను త్రోవ ఇట్లు ఏర్పడినది. అది ఘనమైన ఉపకారమే; కాని బడివాచకములు లెక్కించి ఇచ్చిన రెండుమూడు వేల మాటలతో కళాశాలకు వచ్చినవాని ముందు మిల్టను కావ్యము పెట్టినప్పుడు కలుగు అగాధమును ఆ పద్ధతి పూడ్చలేదు.

ఆ అగాధమును దాటుటకు తెలుగువాని చేతిలో ఒక సాధనము మొదటినుండియు కలదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణము చదివినవానికి తత్సమము, తద్భవము, దేశ్యము అను విభాగము కంఠస్థము. ఇంగ్లీషునందును ఇట్టి అంతస్తులు కలవు. 1066లో నార్మనులు ఆ దేశమును జయించిన తరువాత ఫ్రెంచిపదములును, విద్యాపునరుజ్జీవన కాలమున లాటినుపదములును పాత సాక్సను మాటలపై వచ్చి చేరినవి. 'ఆస్క్' ఇంటిమాట, 'క్వశ్చన్' ఫ్రెంచి దారిన వచ్చినది, 'ఇంటరాగేట్' నేరుగా లాటినునుండి దిగినది. అడుగుటకును ప్రశ్నించుటకును గల భేదము మన పల్లె పిల్లవానికి ఎవరును చెప్పనక్కరలేదు. ఒక కవి దేశ్యమును విడచి తత్సమము నెందుకు ఎన్నుకొనెనో ఊహింపగలవాడు, మిల్టను లాటిను గాంభీర్యమును, వర్డ్స్వర్తు నిరాడంబరతను తన భాషానుభవముతోనే తూచగలడు. పదముల పట్టికలు వల్లెవేయుటకన్న ఈ తూకము నేర్పుట ముందు జరుగవలసిన పని యని నా నిశ్చయము. వ్యాకరణము తెలుగు తరగతికే పరిమితమని తలచి ఇంగ్లీషు తరగతిలో దానిని తలచనైన తలచకపోవుట మన చదువులోని తీరని లోపము.

1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్లసంస్థ, 1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము, 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడుటతో ఇంగ్లీషు సాహిత్యము నెక్కొండ విద్యార్థికి చేరువైనది. పాసింజరు బండిలో సీజను టికెట్టుతో పోయి వచ్చువానికైనను, ఇంటనుండియే చదువువానికైనను నిఘంటువు ఇప్పుడు చేతిలోని ఫోనులోనే కలదు. అది అర్థమును క్షణములో ఇచ్చును. పదము ఏ అంతస్తునుండి వచ్చినదో, ఏ శతాబ్దిలో ఏ అర్థమున నుండెనో ఇంకొక మెట్టు దిగి వెదకినగాని చూపదు. ఆ మెట్టును తెలుగులో కట్టి ఇచ్చు నిఘంటువు, మన తత్సమదేశ్య వివేకమును ఇంగ్లీషు పదములకు అన్వయించి, సాహిత్యవిద్యార్థికొరకే కూర్చబడినది, రావలసియున్నది. కాకతీయ విశ్వవిద్యాలయములోని తెలుగు, ఆంగ్ల శాఖలు రెండును కలిసి కూర్చుండినచో ఈ పని కొన్ని ఏండ్లలో నెరవేరును.