మస్టరు నుండి జీరో టికెట్టు దాకా: గోదావరిఖని ప్రాంతంలో ప్రయాణ రాయితీల చరిత్ర

ఉపోద్ఘాతం

శ్రమజీవి దినచర్యలో ఇంటి నుండి పనిచోటికి సాగే ప్రయాణం అనివార్యమైనది. అయినా కూలి లెక్కలో దానికి చోటు దొరకడం అరుదు. ఆ ప్రయాణపు ఖర్చును కార్మికుడు భరించాలా, యజమాని భరించాలా, ప్రభుత్వం భరించాలా అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో ఈ సమాధానాలు ఏ క్రమంలో వచ్చాయో, ఒక్కొక్కటి ఎవరిని కలుపుకొని ఎవరిని వదిలివేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రైలు శాఖ బస్సు నుండి కార్పొరేషన్ దాకా

హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వ బస్సు రైల్వేలో ఒక విభాగంగా పుట్టింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. 1951లో ఆ శాఖ రైల్వే నుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది.

ఈ సంస్థలకు ఆధారమైన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో రెండు అంశాలు గమనింపదగినవి. 22వ సెక్షను సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. 34వ సెక్షను సంస్థకు ఆదేశాలిచ్చే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగిస్తుంది. విద్యార్థులకు, వికలాంగులకు, ఇతర వర్గాలకు ఇచ్చిన రాయితీ పాసుల చరిత్రంతా ఈ రెండు సెక్షన్ల మధ్య నలిగిన చరిత్రే. రాయితీని ప్రకటించేది ప్రభుత్వం. దాని భారం ముందుగా పడేది సంస్థ ఖాతా మీద. ఆ సొమ్ము తిరిగి ఎప్పుడు, ఎంత వస్తుందన్నది నేటికీ కీలకమైన ప్రశ్న.

బాయికీ కాలనీకీ మధ్య

1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీగా మొదలైన బొగ్గు సంస్థ 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా పేరు మార్చుకున్నది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో అధిక వాటాను పొందింది. ఇల్లందు, కొత్తగూడెం ప్రాంతాల తరువాత, 1960ల తొలి సంవత్సరాలలో గోదావరి తీరాన గనులు తెరవడంతో గోదావరిఖని పట్టణం రూపుదిద్దుకున్నది. పట్టణం పేరులో నిలిచినది ‘ఖని’ అనే సంస్కృత పదం. జనం నోట మాత్రం అది ‘బాయి’. నీటి బావికి వాడే మాటే బొగ్గు గనికీ స్థిరపడింది. యైటింక్లైన్ కాలనీ వంటి పేర్లలో గని సంఖ్యే ఊరి పేరైంది.

ఈ పేర్లు ఒక ఆర్థిక విధానాన్ని సూచిస్తాయి. గని పక్కనే కార్మికునికి క్వార్టరు కట్టించడమంటే ప్రయాణపు ఖర్చును ముందే తగ్గించడం. అందువల్ల కంపెనీ కాలనీని ఈ ప్రాంతపు తొలి ప్రయాణ రాయితీగా పరిగణించవచ్చు. అయితే క్వార్టరు దొరకనివారు, పరిసర గ్రామాల నుండి వచ్చేవారు ఈ ఏర్పాటుకు వెలుపలే ఉన్నారు. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీది రామగుండం స్టేషను గోదావరిఖనికి దూరంగా ఉండటంతో రైలు దిగినవారికి మళ్ళీ రోడ్డు ప్రయాణం తప్పదు. 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం ఈ రాకపోకలను మరింత పెంచాయి.

మస్టరుతో ముడిపడిన రాయితీ

1975 జనవరి 1 నుండి అమలైన తొలి జాతీయ బొగ్గు వేతన ఒప్పందంతో దేశంలోని బొగ్గు కార్మికుల వేతనాలు ఒకే చట్రంలోకి వచ్చాయి. ఈ వరుస ఒప్పందాలలో రవాణా రాయితీ కూడా ఒక అంశమైంది. హాజరైన దినాలను బట్టి లెక్కించడం దీని ప్రత్యేకత. మస్టరు పడితేనే రాయితీ పడుతుంది. ఇక్కడ ప్రయాణం ఉపకారం కాదు; కార్మిక సంఘాలు బేరమాడి సాధించుకున్న వేతన భాగం.

దీని పరిమితి కూడా అక్కడే ఉన్నది. మస్టరులో పేరు లేనివారికి ఇది వర్తించదు. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భ పని నుండి నిషేధించింది. 2019లో కేంద్రం షరతులతో సడలింపు ఇచ్చేదాకా ఆ నిషేధం సాగింది. అందువల్ల మస్టరు ప్రధానంగా పురుషుల జాబితాగా నిలిచింది. బజారులో కూరగాయలమ్మే స్త్రీ, ఆసుపత్రికి వెళ్ళే కార్మికుని భార్య, కళాశాలకు వెళ్ళే కూతురు చేసే ప్రయాణాలు ఆ లెక్కలోకి రాలేదు. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య 2023 నాటికి సుమారు 40 వేలకు తగ్గింది. మస్టరు కుదించుకుపోయిన కొద్దీ దానికి కట్టుబడిన రాయితీ పరిధి కూడా కుదించుకుపోయింది.

జీరో టికెట్టు

2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద బాలికలకు, అన్ని వయసుల స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర సరిహద్దు దాకా ఉచిత ప్రయాణం కల్పించింది. అంతకుముందే ఢిల్లీ 2019లో, తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో ఇటువంటి పథకాలను ప్రారంభించాయి. తెలంగాణలో కండక్టరు ప్రయాణికురాలికి జీరో టికెట్టు ఇస్తాడు. ఆ టికెట్ల లెక్క ప్రకారం ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించాలి. 2025 జూలై నాటికి ఇటువంటి ప్రయాణాలు 200 కోట్లకు చేరాయి.

బొగ్గు ప్రాంత చరిత్రలో దీని ప్రాముఖ్యం సంఖ్యలో కన్న సూత్రంలో ఉన్నది. రాయితీకి అర్హత ఉద్యోగం నుండి వ్యక్తికి మారింది. ఏ పనికి వెళ్తున్నావని ఎవరూ అడగరు. మస్టరు లెక్కించని ప్రయాణాలన్నీ తొలిసారిగా లెక్కలోకి వచ్చాయి.

అయినా రెండు ఖాళీలు మిగిలాయి. మొదటిది, కాంట్రాక్టు కింద పనిచేసే పురుషునిది. శాశ్వత కార్మికునికి వర్తించే వేతన ఒప్పందంలో అతడు లేడు. జీరో టికెట్టుకూ అర్హుడు కాడు. రెండవది, వేళలకు సంబంధించినది. గనులు మూడు షిఫ్టులలో నడుస్తాయి. షిఫ్టు వేళకు బస్సు రాకపోతే ఉచితమైనా ప్రయోజనం లేదు. అప్పుడు ఆటోయే దిక్కు. ఆ ఆటో డ్రైవర్లు తమ ఆదాయం పడిపోయిందని రాష్ట్రవ్యాప్తంగా ఆందోళనకు దిగడం కూడా ఈ చరిత్రలో భాగమే.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. బ్రిటన్ 1883 నాటి చౌక రైళ్ళ చట్టంతో కొంత పన్నును వదులుకొని, రైలు కంపెనీలచేత కార్మికులకు తక్కువ కిరాయి రైళ్ళను వారి పని వేళలకు నడిపించింది. ఫ్రాన్సు 1971లో పారిస్ ప్రాంతపు యజమానులపై రవాణా పన్ను విధించింది. మొదటిది కిరాయిని వేళతో ముడిపెట్టింది; రెండవది యజమాని బాధ్యతను ఒక్క సంస్థ మస్టరుకు పరిమితం చేయక ప్రాంతమంతటికీ విస్తరించింది. రామగుండంలో మిగిలిన రెండు ఖాళీలూ సరిగ్గా ఈ రెండు అంశాలకు చెందినవే.

ముగింపు

గోదావరిఖనిలో ప్రయాణ రాయితీ మూడు దశలలో సాగింది: కంపెనీ కాలనీ, మస్టరు మీది రాయితీ, జీరో టికెట్టు. మొదటిది ఇంటిని పనికి దగ్గర చేసింది. రెండవది దూరాన్ని వేతనంగా మార్చింది. మూడవది పని ప్రసక్తి లేకుండా ప్రయాణాన్నే హక్కుగా గుర్తించింది. కొత్త దశ పాతదానిని రద్దు చేయలేదు. దాని పక్కన చేరింది. అందుకే ఒకే ఇంటిలో భర్త రాయితీకి హాజరు పట్టిక, భార్య రాయితీకి గుర్తింపు కార్డు ఆధారమవుతున్నాయి. పొరుగింటి కాంట్రాక్టు కార్మికుడు రెండింటికీ వెలుపల నిలబడి పూర్తి కిరాయి చెల్లిస్తున్నాడు. ప్రాంతంలో అందరికన్న తక్కువ భద్రత గల శ్రామికుడే తన దూరానికి తానే మూల్యం చెల్లించడం ఈ మూడు దశల ఉమ్మడి ఫలితం. తదుపరి విధానమేదైనా ఆ ఫలితాన్ని సరిదిద్దగలిగినప్పుడే ఈ చరిత్రలో నాల్గవ దశ అనిపించుకుంటుంది.