గిద్దకీ తూముకీ మధ్య మైనస్ నాలుగు

ఇంటర్వ్యూలకొచ్చే కుర్రాళ్ళని అప్పుడప్పుడూ ఓ చిన్న లెక్క అడుగుతుంటాను. (1/4)⁻⁴ ఎంత? చాలామంది ఠక్కున 256 అంటారు. ఎలా వచ్చిందయ్యా అంటే "భిన్నాన్ని తిరగేస్తే మైనస్ పోతుంది సార్" అంటారు. ఎందుకు తిరగేయాలి అంటే "అది రూల్ సార్". ఇంకొందరు మైనస్ కనపడగానే జవాబుకి కూడా ఓ మైనస్ తగిలిస్తారు. వాళ్ళని అని లాభం లేదు, మనందరికీ బళ్ళో చెప్పింది అంతే.

కానీ మా జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో (ఒకప్పటి కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా) రెండు మూడు తరాల కిందట ధాన్యం కొలిచినవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఋణ ఘాతాంకం అన్న మాట వాళ్ళు విని ఉండరు గానీ, బతికిందంతా అందులోనే.

ఎలాగో చూడండి. తూములో నాలుగో వంతు కుంచం. కుంచంలో నాలుగో వంతు మానిక. మానికలో నాలుగో వంతు సోల. సోలలో నాలుగో వంతు గిద్ద. (కొలతలు ఊరిని బట్టి కాస్త మారేవి. మధ్యలో అడ్డ, తవ్వ లాంటి సగాలు కూడా ఉన్నాయి, వాటిని ప్రస్తుతానికి పక్కన పెడదాం.) తూముని 1 అనుకుంటే కుంచం 1/4, మానిక 1/16, సోల 1/64, గిద్ద 1/256. అంటే గిద్ద అనేది (1/4)⁴ తూము.

ఇప్పుడు ప్రశ్న తిరగేద్దాం. తూములో గిద్దలెన్ని? 256. అదే (1/4)⁻⁴. అంతే! మైనస్ అంటే జవాబు సున్నాకి అవతలికి పోవడం కాదు, మెట్లు దిగిన మనిషి వెనక్కి తిరిగి ఎక్కడం. నాలుగు మెట్లు దిగితే నాలుగో వంతులు, నాలుగు మెట్లు ఎక్కితే నాలుగు రెట్లు. దిగకుండా ఎక్కకుండా ఉంటే తూము తూమే. ఏ సంఖ్యకైనా (సున్నా కానిది) సున్నా ఘాతం ఒకటి ఎందుకయిందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

లవంలో 1 లేకపోయినా ఇదే కథ. మిర్చి కల్లంలో ఒక్కో ఎండకి బరువు ముప్పావు అవుతుందనుకుందాం. రెండు ఎండలయ్యాక 9 కిలోలు మిగిలితే మొదట ఎన్ని కిలోలు పోసినట్టు? ఒక ఎండ వెనక్కి వెళ్తే 12, ఇంకో ఎండ వెనక్కి వెళ్తే 16. అంటే 9 ని (3/4)⁻² తో, అనగా 16/9 తో గుణించాం. భిన్నం ఎందుకు తిరగబడిందో ఏ రైతునడిగినా చెప్తాడు.

ఇంతకీ నన్ను ఆశ్చర్యపరిచింది కొలతలు కాదు, వాటిని రాసిన పద్ధతి. తెలుగునాట పాత లెక్కల్లో ఈ భిన్నాలకి ప్రత్యేకమైన అంకెలు ఉండేవి. 4 కి బేసి ఘాతాల స్థానంలో నిలువు గీతలు, సరి ఘాతాల స్థానంలో అడ్డగీతలు. 3 కుంచాలు, 2 మానికలు, 1 సోల రాయాలంటే ౻౽౹ (పెట్టెలు కనపడితే తప్పు మీ ఫాంటుది). అంటే 57/64 తూము. నిలువు, అడ్డం మారుతూ ఉంటాయి కాబట్టి ఏ గీత ఏ స్థానానిదో పొరబాటు పడే అవకాశం తక్కువ. ఇది అచ్చంగా నాలుగు ఆధారంగా ఉన్న స్థాన విలువ పద్ధతి, బిందువుకి కుడివైపు భాగం! వెన్న నాగార్జున గారి ప్రతిపాదనతో ఈ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. అక్కడ ౹ పేరు చూడండి: "తెలుగు ఫ్రాక్షన్ డిజిట్ వన్ ఫర్ ఆడ్ పవర్స్ ఆఫ్ ఫోర్". పక్కనే ౿, తూము గుర్తు.

ఇక తిరగేసే సూత్రం మనకి కొత్తేం కాదు. భిన్నంతో భాగించాలంటే దాని లవహారాలు తారుమారు చేసి గుణించమని బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో అదే చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అయితే ఘాతాంకం మీద మైనస్ పెట్టి రాయడం మాత్రం యూరప్ నుంచి వచ్చింది. 1484లో షుకే, 1656లో వాలిస్ ఆ ఆలోచన దాకా వచ్చారు, 1676 నాటికి న్యూటన్ ఇప్పుడు మనం రాసినట్టే రాశాడు. మనవాళ్ళు ఆ సంకేతం కనిపెట్టారని నేననట్లేదు. ఆ సంకేతం చెప్పే విషయం మన గాదెల దగ్గర రోజూ నడిచిందంటున్నాను.

తర్వాతేమైంది? మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయిలో వీసం వంతైన అణా 6.25 నయాపైసలు కావాలి, కానీ విడిగా ఒక్క అణాకి 6 ఇచ్చి సరిపెట్టారు. ఇందులో ఓ తమాషా ఉంది. వీసం అంటే 2⁻⁴, కంప్యూటర్ దాన్ని ఏ తేడా లేకుండా దాచుకుంటుంది. మనం గొప్పగా తెచ్చుకున్న 0.1 ని బైనరీ ఫ్లోటింగ్ పాయింట్‌లో సరిగ్గా దాచుకోలేదు. మెట్రిక్ వద్దని కాదు, దశాంశాలు లేకపోతే పనులు జరగవు. కొలతలు మార్చినప్పుడు వాటితోపాటు వచ్చిన ఆలోచనని కూడా పారేశాం, అదీ నా బాధ. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక ఆ లెక్క రాసే చేతులు కూడా పోయాయి.

కాబట్టి రెండు పనులు చేయండి. మీ పిల్లలకి ఘాతాంకాల పాఠం వచ్చినప్పుడు సూత్రం కంటే ముందు తూము, గిద్ద చెప్పండి. అమెరికాలో ఉంటే గ్యాలన్, క్వార్ట్ చెప్పండి, అక్కడా నాలుగో వంతే. రెండోది, మీ ఊళ్ళో పాత ఇళ్ళ అటకల మీద కరణాల కవిల కట్టలేమైనా మిగిలుంటే చెదలు పట్టకముందే ఫోటోలు తీయించండి. కోడ్ పాయింట్లు పదిలంగానే ఉన్నాయి, చదవగలిగినవాళ్ళే కరువవుతున్నారు.